ఒక్కనాటి శాంతి

పండుగలు ఏటికొకమారు వచ్చి పోవుచుండును. వానిలో పెక్కు జ్ఞాపకమున ఒకదానితో నొకటి కలిసిపోయి, ఏది ఏ యేటిదో తెలియకుండును. కాని ఎప్పుడో యొకప్పుడు ఒక పండుగ మాత్రము జీవితాంతము మనస్సున నిలిచిపోవును. ఆనాడు తిన్న పిండివంటల వలన గాని, కట్టిన క్రొత్తబట్టల వలన గాని కాదు. ఆనాడు ఎదురైన ఒక మనిషి ముఖము వలన అది నిలిచిపోవును. ఐరోపాలోని యుద్ధభూమిపై వేలకొలది సైనికులకు 1914వ సంవత్సరపు క్రిస్మస్ అట్టి పండుగ. వారిలో కొందరు ఆనాటి ముచ్చటను ఇంటికి జాబులలో వ్రాసిరి. కొందరు దినచర్య పుస్తకములలో వ్రాసికొనిరి. కొందరు ముదిమి వచ్చిన పిమ్మటను అడిగినవారికి చెప్పుచుండిరి. వారి మాటలను బట్టియే నేడు ఆ కథ లోకమునకు తెలియుచున్నది.

ఆ యేటి ఆగస్టు మాసమున మొదటి ప్రపంచయుద్ధము పెద్దయెత్తున చెలరేగెను. పశ్చిమ రంగమున జర్మనీ ఒకవైపు, ఫ్రాన్సు, బ్రిటన్, బెల్జియము మరియొకవైపు నిలిచి పోరాడసాగెను. క్రిస్మస్ నాటికి జయముతో ఇల్లు చేరుదుమని ఇరుపక్షముల యువకులును నమ్మి బయలుదేరిరి. ఆ నమ్మకము నాలుగు నెలలలో అడుగంటెను. ఏ సేనయు ముందునకు పోలేక, వెనుకకు మరలలేక, నేల త్రవ్వి అందు దాగవలసి వచ్చెను. ఉత్తర సముద్ర తీరము మొదలు స్విట్జర్లాండు సరిహద్దు వరకు కందకముల వరుస సాగిపోయెను. రెండు పక్షముల కందకములకును నడుమ ముండ్లతీగలతో, గుండ్లు పడిన గోతులతో నిండిన నేల మిగిలెను. అది ఎవరిదియు కాని నేల. కొన్నిచోట్ల దాని వెడల్పు నూరు గజములైనను లేదు. అవతలివారి దగ్గు ఇవతలివారికి వినబడుచుండెను. అయినను ఒకరి ముఖ మొకరు ఎరుగరు. తల యెత్తినవాడు తుపాకిగుండుకు గురియగుట తథ్యము.

ఆ చలిలో, ఆ బురదలో మన దేశపు సైనికులును ఉండిరి. 1914 సెప్టెంబరు చివర వారు ఫ్రాన్సులోని మార్సేల్స్ రేవున దిగి, అక్టోబరులో యుద్ధరంగమునకు చేరిరి. హిమాలయపు లోయలనుండి వచ్చిన గఢ్వాలీలు, గూర్ఖాలు, పంజాబునుండి వచ్చిన సిక్కులు, ముస్లిములు ఆ పరాయి నేలపై మోకాలిలోతు నీటిలో నిలిచి కావలి కాచుచుండిరి.

డిసెంబరు 7వ తేదిన పోపు 15వ బెనెడిక్టు, పండుగ నాటికైనను ఫిరంగులు మౌనము వహింపవలెనని ప్రభుత్వములను వేడుకొనెను. ఆ మాటను ప్రభుత్వములు అంగీకరింపలేదు. అంతకు రెండు దినములకు ముందే బ్రిటిష్ సేనాని స్మిత్-డోరియన్, శత్రువులతో ఎట్టి స్నేహమును పనికిరాదని తన అధికారులను హెచ్చరించియుండెను. దగ్గరదగ్గర నివసించు సైనికులలో పగ చల్లారునేమో యని ఆయన శంక. ఆ శంక నిజము కాగలదని పిమ్మట తేలెను.

పండుగ సమీపించుకొలది ఇండ్లనుండి కానుకలు రాసాగెను. బ్రిటిష్ రాజు అయిదవ జార్జి కుమార్తె, పదునేడేండ్ల మేరీ పేర చందాలు ప్రోగుచేసి, రంగమునందున్న వారికి ఇత్తడి పెట్టెలను పంపిరి. వానిలో పొగాకు, సిగరెట్లు, శుభాకాంక్షల పత్రము ఉండెను. భారత సైనికుల ఆచారములను గమనించి, వారిలో పలువురకు పటికబెల్లమును, సుగంధద్రవ్యముల డబ్బిని ఉంచిరి. జర్మను సైనికులకు చిన్న చిన్న క్రిస్మస్ చెట్లు అందెను.

అంతవరకు ఎడతెగక కురిసిన వాన డిసెంబరు 24న వెలిసెను. ఆ రాత్రి నేల గడ్డకట్టి, ఆకాశము నిర్మలమయ్యెను. చీకటి పడినంతనే బెల్జియము, ఉత్తర ఫ్రాన్సు ప్రాంతములందలి జర్మను కందకముల గట్లపై వరుసగా దీపములు వెలిగెను. బ్రిటిష్ సైనికులు మొదట అది యేదో పన్నాగమనుకొని తుపాకులు సవరించుకొనిరి. తేరిపారచూడగా అవి క్రిస్మస్ చెట్లకు కట్టిన కొవ్వొత్తులు! అంతలో పాట వినవచ్చెను. భాష తెలియకున్నను రాగము తెలిసినదే. అవతల ఒక పాట ముగియగా ఇవతలివారు చప్పట్లు కొట్టి మరియొకటి పాడిరి. ఎవరో కేక వేసి శుభము పలికిరి. ఎవరో బదులు పలికిరి. కాల్పులు తమంతట తామే ఆగిపోయెను.

తెల్లవారెను. ఇరువైపులనుండి ఒకరిద్దరు సాహసించి, ఆయుధములు విడిచి, చేతులు చూపుచు గట్టుపైకి ఎక్కిరి. ఆ క్షణమున ఒక్క తుపాకి పేలినను కథ అంతటితో ముగిసియుండెడిది. ఏదియు పేలలేదు. వారు నడుమనున్న నేలకు నడచి కరచాలనము చేసికొనిరి. వారిని చూచి పదులు, పిమ్మట వందలు కందకములనుండి వెలువడిరి. సిగరెట్లకు చుట్టలు, తినుబండారములకు మిఠాయిలు మారకమయ్యెను. ఇంటివద్దనున్న భార్యాబిడ్డల ఛాయాచిత్రములను చూపుకొనిరి. జర్మనులలో కొందరు యుద్ధమునకు ముందు ఇంగ్లండులో పనిచేసినవారగుటచే ఆ భాష వచ్చును. తక్కినవారు సైగలతోనే మాటలాడుకొనిరి. భారత సేనలోని గఢ్వాల్ రైఫిల్స్ దళము నిలిచిన చోటను జర్మనులు ముందునకు రాగా, మన సైనికులు వారిని కలిసికొనిరి.

ఆనాడు అన్నిటికంటె ముందు చేయవలసిన పని యొకటి ఉండెను. నడుమనున్న నేలపై దినముల తరబడి శవములు పడియుండెను. వానిని తెచ్చుకొనుటకు ఎవరికిని వీలు చిక్కలేదు. ఒకచోట స్కాట్లండుకు చెందిన గోర్డన్ హైలాండర్స్ దళమువారును జర్మనులును కలిసి, అంతకు వారము క్రిందటి దాడిలో కూలిన ఇరుపక్షములవారికి గోతులు త్రవ్విరి. బైబిలునందలి 23వ కీర్తనను దళపు మతగురువు ఇంగ్లీషున చదువగా, ఒక జర్మను యువకుడు తన భాషలో చదివెను. టోపీలు తీసి ఒకవైపు బ్రిటిష్‌వారు, మరియొకవైపు జర్మనులు నిలిచిరి. చంపినవారును, చచ్చినవారి మిత్రులును ఒక్క ప్రార్థనకు తల వంచిరి.

బెల్జియములోని ప్లోగ్‌స్టీర్ట్ అడవి సమీపమున బ్రూస్ బెయిర్న్స్‌ఫాదర్ అను బ్రిటిష్ అధికారి ఉండెను. ఆయన జన్మస్థలము నేటి పాకిస్తాన్‌లోని ముర్రీ. తరువాతి కాలమున ఆయన వ్యంగ్యచిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కెను. ఆనాడు ఒక జర్మను అధికారి కోటుకున్న బొత్తాములు ఆయనకు నచ్చెను. ఇరువురును చెరి రెండు బొత్తాములు కత్తిరించి మార్చుకొనిరి. పిమ్మట ఆయన కంటబడిన దృశ్యము మరియు వింతయైనది. ఆయన దళమున మరతుపాకి నడుపువాడొకడు క్షౌరము నేర్చినవాడు. వాని యెదుట ఒక జర్మను సైనికుడు మోకరిల్లి కూర్చుండగా, అతడు వాని పెరిగిన జుట్టును కత్తిరించుచుండెను. ముందునాడు ఆ తల కనబడియుండినచో గురిపెట్టి కాల్చుట అతని విధి. ఆనాడు ఆ మెడవద్ద కత్తెర ఆడుచుండగా ఆ జర్మను నిశ్చింతగా కూర్చుండెను. 1916లో ప్రకటించిన తన గ్రంథమున బెయిర్న్స్‌ఫాదర్ ఈ ముచ్చటలను వర్ణించెను.

అవతలి పక్షమున కుర్ట్ త్సెమిష్ అను అధికారి తన అనుభవమును దినచర్యలో వ్రాసికొనెను. యుద్ధమునకు ముందు ఆయన బడిపంతులు. పండుగ దినమున ఎవరును కాల్పులు జరుపరాదని ఆయన తనవారికి ఆజ్ఞాపించెను. బ్రిటిష్‌వారు బంతి తేగా ఇరుపక్షములవారును ఆడిరనియు, అది ఎంతయో అద్భుతముగాను వింతగాను తోచెననియు ఆయన వ్రాసెను. ఆ దినచర్య 1999లో ఒక ఇంటి అటకపై దొరికెను. బంతియాటను గూర్చి కాలక్రమమున పెక్కు కట్టుకథలు పుట్టినవి. పెద్ద పందెములు జరిగెననుటకు ఆధారములు తక్కువ. అక్కడక్కడ కొందరు సరదాకు బంతి తన్నుకొనిరనుట మాత్రము ఇట్టి వ్రాతలవలన తెలియుచున్నది.

ఈ శాంతి రంగమంతటను నెలకొనలేదు. ఇందు పాల్గొన్నవారు సుమారు లక్షమంది యని చరిత్రకారుల అంచనా. తక్కిన చోట్ల కాల్పులు యథాప్రకారము సాగెను. ఆ పండుగనాడును సైనికులు మరణించిరి. ఫ్రెంచివారు, బెల్జియమువారు ఉన్న తావుల ఇట్టి కలయికలు తక్కువ. వారి గ్రామములు శత్రువుల వశమున నుండెను. వారి ఇండ్లు కూలిపోయియుండెను. అట్టివారికి చేయి చాచుట సులభము కాదు. వారి హృదయము కఠినమని తలచుట న్యాయము కాదు.

కొన్ని చోట్ల శాంతి క్రొత్త సంవత్సరము వరకు నిలిచెను, పెక్కుచోట్ల ఒక్కనాడే. ఫ్రాన్సులోని ఫ్రెలింఘియన్ గ్రామమువద్ద అది ముగిసిన తీరు చెప్పుకొనదగినది. అచ్చట జర్మనులు రెండు పీపాల బీరు కానుకగా నీయగా, స్టాక్‌వెల్ అను బ్రిటిష్ కెప్టెను పండుగకై చేసిన పుడ్డింగులు పంపెను. మరునాటి ఉదయము ఎనిమిదిన్నర గంటలకు ఆయన గాలిలోనికి మూడుమారులు తుపాకి పేల్చి, క్రిస్మస్ శుభాకాంక్షలు వ్రాసిన జెండాను ఎత్తి గట్టుపై నిలిచెను. అవతలివారు కృతజ్ఞతలు వ్రాసిన దుప్పటిని ఎత్తిరి. జర్మను కెప్టెను గట్టుపైకి వచ్చెను. ఇరువురును వంగి నమస్కరించి, సెల్యూటు చేసి, తమ తమ కందకములలోనికి దిగిరి. జర్మను కెప్టెను గాలిలోనికి రెండుమారులు పేల్చెను. యుద్ధము మరల మొదలయ్యెను.

ఈ వార్తలను సైనికుల జాబులు ఇండ్లకు చేర్చెను. ఇండ్లనుండి అవి పత్రికలకెక్కెను. 1915 జనవరి 8న లండనులోని డైలీ మిర్రర్ పత్రిక, ఇరుపక్షముల సైనికులు కలిసి నిలిచిన ఛాయాచిత్రమును మొదటి పుటయందే ప్రకటించెను. సేనానాయకులకు ఇది రుచింపలేదు. కరచాలనము చేసిన చేయి మరునాడు తుపాకి పట్టుటకు వెనుకాడునని వారి భయము. నిజమునకు కొన్ని చోట్ల సైనికులు గాలిలోనికి గురిపెట్టి కాల్చి, తమ మాటను కొన్నినాళ్లు నిలుపుకొనిరి. 1915వ సంవత్సరపు క్రిస్మస్ నాటికి కఠినమైన ఉత్తర్వులు వెలువడెను. అప్పుడు అక్కడక్కడ తప్ప అట్టి కలయిక జరుగలేదు. విషవాయువులు, గొప్ప ఫిరంగులు ప్రవేశించినకొలది పగ పెరిగిపోయెను. యుద్ధము 1918 నవంబరు 11వ తేది వరకు సాగి, లక్షలకొలది యువకులను బలిగొనెను. ఆనాడు కలిసి నవ్వినవారిలో పలువురు తిరిగి ఇల్లు చేరలేదు.

ఇల్లు చేరినవారిలో ఆల్ఫ్రెడ్ ఆండర్సన్ ఒకడు. స్కాట్లండుకు చెందిన ఆయనకు అప్పుడు పదునెనిమిదేండ్లు. ఆయనకును రాకుమారి ఇత్తడి పెట్టె అందెను. తనకు పొగత్రాగు అలవాటు లేనందున సిగరెట్లు మిత్రులకిచ్చి, తల్లి యిచ్చిన చిన్న బైబిలును అందులో దాచుకొనెను. ఆ పండుగనాడు ఆయన రంగమునకు కొంచెము వెనుకనున్న ఇంటియందుండెను. బంతియాట గాని, కరచాలనము గాని ఆయన జ్ఞాపకమున లేదు. నిశ్శబ్దము మాత్రమే నిలిచిపోయెను. నెలల తరబడి చెవులలో మ్రోగిన గుండ్ల ధ్వని ఒక్కమారుగా ఆగినప్పుడు కలిగిన ఆ నిశ్శబ్దమును ఆయన తొంబదియేండ్ల పిమ్మటను మరువలేదు. 2005 నవంబరులో ఆయన తన 109వ యేట కన్నుమూసెను. ఆ క్రిస్మస్‌ను స్వయముగా ఎరిగిన కడపటి సైనికుడు ఆయనయే యని చెప్పుదురు.

ఫ్రెలింఘియన్ వద్ద 2008 నవంబరు 11న ఆనాటి శాంతికి స్మారకము నెలకొల్పబడెను. ఒకప్పుడు ఎదురెదురుగా పోరాడిన సేనల వారసులు ఆ దినమున అచ్చట కలిసి బంతియాట ఆడిరి.

ఆ ఒక్కనాటి శాంతి యుద్ధమును ఆపలేదు గదా, దానివలన ఫలమేమి యని అడుగవచ్చును. యుద్ధమును ఆపుట కందకములలోని సైనికుల చేతిలో లేదు. వారి చేతిలోనున్నది గట్టు దాటి నడచుట యొక్కటే. దానిని వారు చేసిరి. తమవలెనే చలికి వణకుచు, తమవలెనే ఇంటిని తలచుకొని కుందుచున్న మనుష్యుడే శత్రువను పేరున ఎదుట ఉన్నాడని వారు కన్నులార చూచిరి. మరునాడు తుపాకి మరల పట్టవలసివచ్చినను, చూచిన ఆ ముఖమును చూడనట్లు చేయుట ఏ ఉత్తర్వునకును సాధ్యము కాలేదు. అందుచేతనే అలసిపోయిన చేతులతో, కొవ్వొత్తి వెలుగున కూర్చుండి, వారు ఆ ముచ్చటను ఇంటికి వ్రాసిరి.