అరికాలి మచ్చ

నాట్లు అయిపోయిన రోజులు. పోచారం చెరువు కింది పొలాల నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని అందరూ కేంద్రంలో కూర్చున్నారు. ఒక అక్క తన అరికాలు చూసుకుంటున్నది. మడమ దగ్గర నల్లటి మచ్చ ఉంది.

"అది పుట్టుమచ్చనా అక్కా?" అని అడిగాను.

"ఏమో చెల్లె. పోయినేడు లేకుండె. సున్నం, బట్టల సోడా కలిపి పెడ్త. కాలిపోతది," అన్నది.

"వద్దక్కా, కాల్చొద్దు," అన్నాను.

ఎందుకు వద్దు?

పుట్టుమచ్చలు అందరికీ ఉంటాయి. చాలా మచ్చలు ఏ హానీ చేయవు. ఏండ్లు గడిచినా అట్లనే ఉంటాయి. ఎప్పుడో ఒక మచ్చ మాత్రం క్యాన్సర్ అవుతుంది. దాని పేరు మెలనోమా. మన దేశంలో ఇది తక్కువ. కానీ మనలాంటి చామనచాయ వాళ్లకు వస్తే, ఎక్కువగా అరికాలిలో, అరచేతిలో, గోరు కింద వస్తుంది. బురద కాళ్లలో అది కనపడదు.

జమైకా దేశంలో బాబ్ మార్లే అనే నల్లజాతి పాటగాడు ఉండేవాడు. లోకమంతా ఆయన పాటలు విన్నది. 1977లో ఆయన కాలి గోరు కింద ఈ జబ్బు బయటపడింది. బంతి ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారట. 1981లో చనిపోయాడు. అప్పటికి 36 ఏండ్లే.

కొత్తగా వచ్చి పెరిగే మచ్చను డాక్టరుకు చూపించాలి. అంచులు వంకరగా ఉన్నా, రెండు మూడు రంగులున్నా, పెన్సిలు వెనక కొసకంటే పెద్దదైనా, రక్తం కారినా చూపించాలి. గోరులో నల్ల గీత వెడల్పవుతుంటే కూడా.

"కోస్తే క్యాన్సర్ పాకుతదంటరు గదా?" అని ఇంకో అక్క అడిగింది.

కోస్తే పాకదు. ఆలస్యం చేస్తే పాకుతుంది. డాక్టరు మత్తు సూది ఇచ్చి మచ్చను తీస్తారు. ఆ ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తారు. చాలా మచ్చల సంగతి అక్కడే తేలుతుంది. కొన్ని మాత్రం పెద్ద డాక్టర్లకు కూడా అంతుచిక్కవు. అప్పుడు జన్యు పరీక్ష సాయం చేస్తుంది.

జన్యువు అంటే మన ఒంట్లోని రాత. నిన్న మనం 'మేక' రాశాం. చివర కొమ్ము పెడితే 'మేకు' అయింది. జన్యువుల్లో కూడా అట్ల తప్పులు పడతాయి. అయితే ఒక్క తప్పు చూసి క్యాన్సర్ అనలేరు. మెలనోమాలో కనిపించే ఒక తప్పు, హాని చేయని మచ్చల్లో కూడా ఉన్నదని 2003లో తెలిసింది. అందుకే చాలా జన్యువులను కలిపి చూస్తారు. అమెరికాలో తయారుచేసిన ఒక పరీక్ష 23 జన్యువులను చూస్తుంది. ఇది ఖర్చు ఎక్కువ. ప్రతి మచ్చకూ అక్కర లేదు.

సున్నంతో కాలిస్తే పైమచ్చ పోతుంది. లోపలి జబ్బు మిగిలిపోవచ్చు. పరీక్షకు ముక్క దొరకదు.

సోమవారం ఎల్లారెడ్డి సర్కారు దవాఖానకు పోతానన్నది అక్క. క్యాన్సర్ అని తేలితే హైదరాబాదులో ఎం.ఎన్.జె. సర్కారు క్యాన్సర్ దవాఖాన ఉన్నదని చెప్పాను. డాక్టరుకు చూపే చీటీ ఆమె తానే రాసింది. రెండు చోట్ల దిద్దుకుంది:

"ఎడమ కాలు. మడమ. పోయిన ఉగాదికి లేదు. ఇప్పుడు బఠాణీ గింజంత ఉంది."