కుబుసం విడువనిదే ఎదుగుదల లేదు

కుబుసమనగానే మనకు స్ఫురించేది పాము. అయితే పాముకు ఎముకలు దేహం లోపల ఉంటాయి. అది విడిచేది చర్మపు పైపొరను మాత్రమే. రొయ్య, పీత, తేలు, బొద్దింక, పట్టుపురుగు మొదలైన సంధిపాద జీవుల స్థితి వేరు. వాటికి లోపల ఎముకలు లేవు. దేహాన్ని కప్పి ఉంచే బాహ్యకవచమే వాటి అస్థిపంజరం. కండరాలు దానినే ఆధారం చేసుకొని పనిచేస్తాయి. కనుక ఈ జీవులు కుబుసం విడవడమంటే తమ అస్థిపంజరాన్నే విడవడం. దీనినే శాస్త్రపరిభాషలో నిర్మోచనం అంటారు.

ఈ కవచం ప్రధానంగా కైటిన్, మాంసకృత్తులతో ఏర్పడుతుంది. రొయ్య, పీతలలో కాల్షియం లవణాలు కూడా చేరి మరింత గట్టిపడుతుంది. ఇది శత్రువుల నుండి కాపాడుతుంది. నేలపై నివసించే కీటకాలలో దేహంలోని తేమ ఆవిరి కాకుండా నిలుపుతుంది. కాని ఇది సజీవ కణాల కూర్పు కాదు, దిగువనున్న బాహ్యచర్మ కణాల స్రావం మాత్రమే. అందువల్ల ఒకసారి గట్టిపడిన తరువాత అది పెరగదు. లోపలి దేహం పెరిగే కొద్దీ, రక్షణ ఇచ్చిన కవచమే బంధనమవుతుంది.

పెంకు చీలడానికి ఎంతో ముందే సన్నాహం మొదలవుతుంది. మొదట బాహ్యచర్మం పాత కవచం నుండి విడివడుతుంది. ఆ ఖాళీలో ఊరే నిర్మోచన ద్రవంలోని ఎంజైములు పాత కవచపు లోపొరలను కరిగిస్తాయి. కరిగిన పదార్థంలో అధికభాగాన్ని దేహం తిరిగి గ్రహిస్తుంది. అదే సమయంలో అడుగున కొత్త కవచం మెత్తగా, ముడతలతో తయారవుతుంది. చివరకు జీవి గాలినో, నీటినో లోనికి తీసుకొని ఉబ్బుతుంది. పాత పెంకు బలహీనమైన రేఖల వెంట చీలుతుంది. కీటకాలలో శ్వాసనాళాల లోపొర సైతం కుబుసంతోపాటు ఊడి వస్తుంది. కొత్త కవచం గట్టిపడేలోగానే దేహం విస్తరించాలి.

ఈ క్రమాన్ని నడిపేవి హార్మోనులు. గొంగళిపురుగు మెదడును ముందుగానే తొలగిస్తే అది ప్యూపా కాజాలదని పోలెండు శాస్త్రజ్ఞుడు స్టెఫాన్ కోపెచ్ 1922లో ప్రకటించాడు. మెదడు ఆజ్ఞతో వక్షంలోని గ్రంథులు స్రవించే ఎక్డైసోన్ అనే హార్మోనును జర్మనీలో బ్యుటెనాండ్ట్, కార్ల్‌సన్‌లు 1954లో వేరుచేశారు. సుమారు 500 కిలోగ్రాముల పట్టుపురుగు ప్యూపాల నుండి వారికి లభించిన స్ఫటికాలు 25 మిల్లీగ్రాములే! అంత స్వల్పమైన పదార్థం అంతటి మార్పుకు మూలం.

ఈ జ్ఞానం పుస్తకాలకే పరిమితం కాదు. పట్టుపురుగు సుమారు 25 రోజులలో నాలుగుసార్లు కుబుసం విడిచి, దాదాపు పదివేల రెట్లు బరువు పెరుగుతుంది. ప్రతి నిర్మోచనంలోను సుమారు ఒకరోజు తల పైకెత్తి, మేత మాని, నిశ్చలంగా ఉంటుంది. హిందూపురం, మదనపల్లె ప్రాంతాల రైతులకు ఇది పరీక్షాసమయం. అప్పుడు మేత ఆపి, పడకను పొడిగా ఉంచాలి. అన్నీ లేవకముందే ఆకు వేస్తే ముందు లేచినవి పెరిగి, తక్కినవి వెనుకబడతాయి, పంట చెడుతుంది. భీమవరం ప్రాంతపు రొయ్యల చెరువులలోనూ ఇదే ఆందోళన. అప్పుడే కుబుసం విడిచిన మెత్తని రొయ్యను సాటి రొయ్యలే తినివేస్తాయి. నీటిలో ప్రాణవాయువు, ఖనిజ లవణాలు చాలకపోతే అది నిలదొక్కుకోలేదు.

మన ఇళ్లలో అప్పుడప్పుడు కనిపించే తెల్ల బొద్దింకను చాలామంది వేరొక జాతి అనుకుంటారు. నిజానికి అది అప్పుడే కుబుసం విడిచిన మామూలు బొద్దింక. కొన్ని గంటలలో రంగు తేలి గట్టిపడుతుంది. ఆ కొద్ది గంటలూ దానికి రక్షణ లేదు. అయినా ఆ అపాయాన్ని ఎదుర్కొనని సంధిపాద జీవికి ఎదుగుదల లేదు.