కుక్కల్ని చూసుకునే పని: యాప్‌లో చేరే ముందు తెలుసుకోవాల్సినవి
ప్లాట్‌ఫామ్ కార్మికుల కోసం పాఠం – ఇ-శ్రమ్ నమోదు, ప్రమాద బీమా, కుక్క కాటు జాగ్రత్తలు

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఉదయం ఆరు గంటలకు చూడండి. కుక్కను వాకింగ్‌కి తీసుకెళ్లే వాళ్లలో కొంతమంది ఆ కుక్క యజమానులు కారు, కూలికి తీసుకెళ్లే వాళ్లే. ఇప్పుడు ఈ పని యాప్‌ల ద్వారా కూడా దొరుకుతోంది. పొదుపు సంఘాల్లోని అక్కచెల్లెళ్లు, ఇంటి పని చేసేవాళ్లు, చదువుకుంటూ పని వెతుక్కునే యువత ఇందులో చేరుతున్నారు.

ఈ పాఠం చదివాక మీకు నాలుగు విషయాలు తెలుస్తాయి: చేతికి నిజంగా ఎంత మిగులుతుంది, ఇ-శ్రమ్‌లో ఎలా నమోదు కావాలి, ఏ బీమా విడిగా కట్టుకోవాలి, కుక్క కరిస్తే ఆ గంటలో ఏం చెయ్యాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. తొందరగా ఉంటే ముందు 6వ భాగం చదవండి.

1. పని ఏమిటి?

ఇందులో మూడు రకాలు ఉన్నాయి.

వాకింగ్: రోజూ అరగంట, గంట కుక్కను బయట తిప్పి, మళ్లీ ఇంట్లో దించడం.

ఇంటికెళ్లి చూసుకోవడం: యజమాని ఊళ్లో లేనప్పుడు వాళ్లింటికి వెళ్లి కుక్కకో, పిల్లికో తిండి, నీళ్లు పెట్టి, శుభ్రం చేసి రావడం.

మీ ఇంట్లో ఉంచుకోవడం: దసరాకి, సంక్రాంతికి జనం ఊళ్లకి వెళ్లినప్పుడు ఈ గిరాకీ ఎక్కువ. అద్దె ఇల్లు అయితే ముందు ఓనర్‌ని అడగండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ రకం పని మొదట్లోనే ఒప్పుకోకండి.

2. చేతికి మిగిలేది ఎంత?

యాప్‌లో కనిపించే రేటు మీ సంపాదన కాదు. ఒక లెక్క చూద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు, మీ యాప్‌లో వేరుగా ఉండొచ్చు.

అరగంట వాకింగ్‌కి కస్టమర్ ఇచ్చేది రూ.200. యాప్ కమీషన్ 20 శాతం, అంటే రూ.40. మిగిలింది రూ.160. షేర్ ఆటోకి రానూపోనూ రూ.30 పోతే మీకు రూ.130. సమయం కూడా లెక్కేయండి. రానూపోనూ 40 నిమిషాలు, కుక్కను తీసుకుని తిప్పి అప్పగించడానికి 40 నిమిషాలు. మొత్తం 80 నిమిషాలకు రూ.130, అంటే గంటకు సుమారు రూ.97.

అదే ఒకే అపార్ట్‌మెంట్‌లో వరుసగా మూడు కుక్కలు దొరికితే? మూడు రూ.160లు కలిపి రూ.480. ఆటో ఒక్కసారే, రూ.30 తీసేస్తే రూ.450. సమయం 160 నిమిషాలు. గంటకు సుమారు రూ.168 పడుతుంది.

కాబట్టి దూరంగా ఉన్న ఎక్కువ రేటు పని కంటే దగ్గర్లో ఒకేచోట ఉన్న రెండు మూడు పనులు మేలు. తెలంగాణలో మహిళలు ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహాలక్ష్మి పథకం కింద ఉచితంగా వెళ్లొచ్చు. బస్సు రూట్‌లో ఉన్న పనులు పట్టుకుంటే ఆటో ఖర్చూ మిగులుతుంది.

ప్రతి పనికీ తేదీ, ఇల్లు, వచ్చిన డబ్బు, పోయిన ఖర్చు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. నెల చివర యాప్ చూపించే లెక్కతో సరిచూసుకోండి.

3. చట్టం దృష్టిలో మీరు ఎవరు?

యాప్ ద్వారా పని చేసేవాళ్లని కంపెనీలు సాధారణంగా తమ ఉద్యోగులుగా చూపించవు. అందుకే జీతం, పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. చేసిన పనికి డబ్బు, అంతే.

కానీ చట్టంలో మీకు ఒక పేరు ఉంది. సామాజిక భద్రతా కోడ్, 2020లో గిగ్ కార్మికులు, ప్లాట్‌ఫామ్ కార్మికులు అని ప్రత్యేకంగా రాశారు. ఈ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. యాప్ నడిపే కంపెనీని ఇందులో అగ్రిగేటర్ అంటారు. అగ్రిగేటర్లు తమ వార్షిక టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం వరకు కార్మికుల సామాజిక భద్రత కోసం ఇవ్వాలని కోడ్ చెబుతోంది. ఆ మొత్తం కార్మికులకు చెల్లించే సొమ్ములో 5 శాతం మించకూడదు.

కోడ్‌కి ఉన్న జాబితాలో క్యాబ్, ఫుడ్ డెలివరీ లాంటివి పేరుపెట్టి ఉన్నాయి. కుక్కల పని అని విడిగా లేదు. కానీ చివర్లో ‘ఇతర వస్తువులు, సేవలు అందించే ప్లాట్‌ఫామ్’ అనే వర్గం ఉంది. మా పని జాబితాలో లేదు కదా అని ఆగిపోకండి.

ఈ ప్రయోజనాల్లో ఏది పొందాలన్నా ముందు మీ పేరు నమోదై ఉండాలి. అదే ఇ-శ్రమ్.

4. ఇ-శ్రమ్‌లో నమోదు ఎలా?

ఇ-శ్రమ్ పోర్టల్ 2021 ఆగస్టు 26న మొదలైంది. 16 నుంచి 59 ఏళ్ల మధ్య వయసుండి, పీఎఫ్, ఈఎస్ఐ లేని అసంఘటిత కార్మికులు చేరొచ్చు.

కావాల్సినవి: ఆధార్, ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ నంబర్, బ్యాంకు ఖాతా వివరాలు.

ఎక్కడ: మీ ఫోన్‌లోనే ఇ-శ్రమ్ వెబ్‌సైట్‌లో చేసుకోవచ్చు. రాకపోతే దగ్గర్లోని సీఎస్‌సీ సెంటర్‌కి వెళ్లండి. నమోదు ఉచితం.

ఎలా: ఫోన్‌కి వచ్చిన ఓటీపీ కొట్టి, వివరాలు నింపాలి. పని దగ్గర ప్లాట్‌ఫామ్ కార్మికులు అన్నది ఎంచుకోండి. పూర్తయ్యాక 12 అంకెల నంబర్ ఉన్న కార్డు వస్తుంది. దాన్ని ఫోన్‌లో దాచుకుని, ఒక ప్రింట్ ఇంట్లో పెట్టుకోండి.

ఇంతకుముందే ఇంటి పని, కుట్టు పని అని నమోదై ఉంటే కొత్త కార్డు అక్కర్లేదు. లోపలికి వెళ్లి పని వివరాలు మార్చుకోండి. సందేహాలకు ఇ-శ్రమ్ హెల్ప్‌లైన్ 14434.

5. కార్డుతో అన్నీ రావు: విడిగా కట్టుకోవాల్సినవి

చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. ఇ-శ్రమ్ కార్డు ఉంటే నెలనెలా డబ్బు పడుతుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు నమ్మకండి. కార్డు ఉంది కదా, ప్రమాద బీమా దానంతటదే ఉంటుందని కూడా అనుకోకండి. బీమా మీరు బ్యాంకులో అడిగి పెట్టించుకోవాలి.

ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన: వయసు 18–70. ఏడాదికి రూ.20. ప్రమాదంలో చనిపోయినా, పూర్తిగా వైకల్యం వచ్చినా రూ.2 లక్షలు, పాక్షికంగా శాశ్వత వైకల్యం వస్తే రూ.1 లక్ష. ఏటా జూన్ 1 నుంచి మే 31 వరకు లెక్క. మే నెలాఖరులో ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది.

ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమా యోజన: 18–50 ఏళ్ల మధ్య చేరాలి. ఏడాదికి రూ.436. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.2 లక్షలు.

ప్రధానమంత్రి శ్రమ్ యోగి మాన్‌ధన్: 18–40 ఏళ్ల మధ్య, నెల ఆదాయం రూ.15 వేల లోపు ఉన్నవాళ్లకి. వయసును బట్టి నెలకు రూ.55 నుంచి రూ.200 కడితే, కేంద్రం అంతే కలుపుతుంది. 60 ఏళ్ల తర్వాత నెలకు రూ.3,000 పెన్షన్.

ఈ మూడింటిలో ఏదీ ఆస్పత్రి బిల్లు కట్టదు. ఆస్పత్రిలో చేరాల్సి వస్తే అర్హత ఉన్న కుటుంబాలకు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ ఉంది, పరిమితి రూ.10 లక్షలు. రేషన్ కార్డులో మీ పేరు సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

6. కుక్క కరిస్తే: రేటింగ్ పోతుందని దాచకండి

ఈ పనిలో జరిగే పెద్ద తప్పు ఒకటుంది. కుక్క చిన్నగా గీరుతుంది, పన్ను తగులుతుంది. చెప్తే యజమానికి కోపం వస్తుందేమో, తక్కువ స్టార్లు ఇస్తారేమో, పని పోతుందేమో అని భయపడతారు. ‘పెంపుడు కుక్కే కదా, టీకాలు వేయించారు కదా’ అని సరిపెట్టుకుంటారు. లేదంటే ఇంటికొచ్చి పసుపో, సున్నమో, కారమో పెట్టి కట్టుకుంటారు.

రేబిస్ లక్షణాలు కనిపించాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. లక్షణాలు రాకముందు సరైన సమయంలో చికిత్స తీసుకుంటే మాత్రం జబ్బు రాకుండా ఆపొచ్చు. పోయిన రేటింగ్ నెలలో తిరిగొస్తుంది. ప్రాణం రాదు.

వెంటనే చెయ్యాల్సినవి:

ఒకటి. కుళాయి కింద పెట్టి, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు.

రెండు. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఐపీఎం, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి కుక్క కాటు కేసులకు అందరికీ తెలిసిన చోట్లు.

మూడు. గాయం ఎలా ఉందో డాక్టర్‌కి దాచకుండా చెప్పండి. రక్తం రాకుండా గీరుకుపోయినా టీకా కావాలి. రక్తం వచ్చినా, పుండు మీద కుక్క నాకినా టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యూనోగ్లోబ్యులిన్ సూది కూడా కావాలి. అది ఇస్తున్నారా అని అడగండి.

నాలుగు. అన్ని డోసులూ పూర్తి చెయ్యండి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. కండలోకి ఇస్తే 14వ రోజు కూడా ఉంటుంది. బొడ్డు చుట్టూ 14 సూదులు అనేది పాత మాట. ఇప్పుడు చేతికే వేస్తారు.

ఐదు. కుక్కకి టీకాలు ఉన్నా మీరు టీకా మొదలుపెట్టండి. ఆ కుక్కను 10 రోజులు గమనించమని యజమానికి చెప్పండి. తర్వాత డోసుల సంగతి డాక్టర్ నిర్ణయిస్తారు.

ఆస్పత్రి చీటీ జాగ్రత్త చెయ్యండి. బీమా క్లెయిమ్ అడగాల్సి వస్తే ప్రమాదం జరిగిన వెంటనే ఆస్పత్రికి వెళ్లినట్టు రికార్డు ఉండాలి. యాప్‌లో కూడా అదే రోజు రాయండి, ఫోటో పెట్టండి. నోటిమాటతో చెప్పింది తర్వాత నిలబడదు.

రోజూ కుక్కలతో పని చేసేవాళ్లు కరవక ముందే టీకా వేయించుకోవచ్చు. డాక్టర్‌ని అడగండి. ముందే వేయించుకున్నా, కరిస్తే మళ్లీ ఆస్పత్రికి వెళ్లాల్సిందే.

7. మీ చేతిలో ఉన్న కుక్క వేరేవాళ్లని కరిస్తే

గొలుసు మీ చేతిలో ఉన్నంతసేపు బాధ్యత మీ మీదకూ వస్తుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం, తమ ఆధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అందుకే పని ఒప్పుకునే ముందు యజమానిని ఇవి అడిగి, జవాబులు యాప్ చాట్‌లోనే రాయించుకోండి:

– రేబిస్ టీకా చివరిసారి ఎప్పుడు వేయించారు? కార్డు ఫోటో పంపండి.
– ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా?
– పిల్లల్ని, బైకుల్ని, వేరే కుక్కల్ని చూస్తే మీద పడుతుందా?
– మున్సిపల్ లైసెన్స్ ఉందా?
– ఏ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తారు? ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

మొదటిరోజు యజమాని ఉండగానే కుక్కతో పరిచయం చేసుకోండి. గుర్రుమంటే, వద్దని చెప్పడం తప్పు కాదు. లిఫ్ట్‌లో పిల్లలుంటే తర్వాతి లిఫ్ట్‌కి ఆగండి. రెండు పెద్ద కుక్కల్ని ఒకేసారి పట్టుకోకండి. వీధికుక్కలు గుంపుగా ఉన్న సందులోకి వెళ్లకండి.

ఎండాకాలంలో పొద్దున్నే, లేదా పొద్దుగూకాక తిప్పండి. రోడ్డు మీద మీ చెయ్యి వెనకభాగం ఐదు సెకన్లు పెట్టలేకపోతే కుక్క కాళ్లూ కాలతాయి. చాక్లెట్, ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ పెట్టకండి. మన కూరన్నం ముద్దలో ఉల్లిపాయ ఉంటుందని మర్చిపోకండి.

8. డబ్బు, భద్రత

పని ఇప్పిస్తామని ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు, కిట్ డబ్బు అడిగితే అనుమానించండి. డబ్బు మీకు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

కొత్త ఇంటికి వెళ్లేటప్పుడు చిరునామా ఇంట్లోవాళ్లకి పంపండి. వాచ్‌మన్ రిజిస్టర్‌లో సంతకం పెట్టండి. తాళంచెవి తీసుకున్నా, ఇచ్చినా చాట్‌లో ఒక మాట రాయండి. ఇబ్బంది అనిపిస్తే 112కి, మహిళలు 181కి ఫోన్ చెయ్యొచ్చు.

9. తరచూ అడిగే ప్రశ్నలు

ప్రశ్న: యాప్ వద్దు, నేరుగా చేయమని యజమాని అంటున్నారు. చెయ్యొచ్చా?
జవాబు: కమీషన్ మిగులుతుంది. కానీ చాట్ రికార్డు, పని చేసిన రుజువు పోతాయి. యాప్ నిబంధన కూడా అడ్డురావొచ్చు. చేస్తే కనీసం వాట్సాప్‌లో రేటు, సమయం, కుక్క వివరాలు రాయించుకోండి.

ప్రశ్న: నెలకు నాలుగు రోజులే చేస్తాను. ఇ-శ్రమ్ అవసరమా?
జవాబు: అవసరమే. కుక్క కరవడానికి ఒక్క రోజు చాలు.

ప్రశ్న: కరిచిన సంగతి చెప్తే యాప్ నన్ను ఆపేస్తే?
జవాబు: ముందు ఆస్పత్రికి వెళ్లండి. చీటీ, ఫోటో, చాట్ దగ్గరుంటే తర్వాత మాట్లాడటానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది. దాచిపెడితే ఏదీ ఉండదు.

మొదటి వాకింగ్‌కి ముందు టిక్ పెట్టుకోండి

☐ ఇ-శ్రమ్ కార్డు వచ్చింది
☐ రూ.20 బీమా బ్యాంకులో పెట్టించాను
☐ రేషన్ కార్డులో నా పేరు ఉంది
☐ కుక్క టీకా కార్డు ఫోటో నా ఫోన్‌లో ఉంది
☐ దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రి ఎక్కడుందో తెలుసు
☐ సంచిలో చిన్న సబ్బు, నీళ్ల సీసా ఉన్నాయి

ఆరింటికీ టిక్ పడ్డాక గొలుసు పట్టుకోండి. ఈ పాఠాన్ని మీ సంఘం గ్రూపులో పంచుకోండి.