బీడు నేలలో జొన్న పండింది

విజయవాడ చుట్టుపక్కల కృష్ణా కాలువలు ఉన్నాయి. వరి పండుతుంది. తెలంగాణలో జహీరాబాద్ వైపు అలా కాదు. అది మెట్ట ప్రాంతం. అక్కడ వానే ఆధారం.

అక్కడ బీదవాళ్ల భూములు చాలా ఏళ్లు బీడుపడ్డాయి. దున్నాలంటే డబ్బేది? కూలి దొరకని రోజు పొయ్యి వెలగదు.

1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ మొదలైంది. దాని అండతో ఊరూరా ఆడవాళ్లు సంఘాలు పెట్టుకున్నారు. బీడు సాగుచేసే రైతుకు సంఘం ద్వారా అప్పు ఇప్పించారు. ఆ అప్పును డబ్బుతో కాదు, జొన్నలతో తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే దాచారు. తిండికి కరువైన నెలల్లో బీదవాళ్లకు చవగ్గా అమ్మారు. ఎవరు బీదవాళ్లో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు.

ఒకే పంట వేయలేదు. జొన్న, కొర్ర, కంది, పెసర కలిపి వేశారు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. విత్తనాలు కొనలేదు. బూడిద, వేపాకు కలిపి ఇంట్లోనే దాచుకున్నారు.

2019లో ఈ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఒక్కరి వల్ల కాని పని సంఘం వల్ల అయింది.

ఆలోచించండి:
1. అప్పు జొన్నలతో తీరిస్తే ఊరికి ఏం లాభం?
2. మీ పేటలో నలుగురూ కలిస్తే అయ్యే పని ఏది?