వేసవిలో మంచుకొండ: మార్గ పరీక్ష, సామగ్రి ఎన్నిక

ఓరుగల్లువారికి వేసవిని గురించి ఎవరును పాఠము చెప్పనక్కరలేదు. మే నెలలో పద్మాక్షి గుట్టను గాని, కోటలోని ఏకశిల గుట్టను గాని ఎక్కదలచినవాడు తెల్లవారకముందే బయలుదేరి, పొద్దు నడినెత్తికి రాకముందే దిగివస్తాడు. ఉదయము చల్లగా ఉన్న బండ మధ్యాహ్నమునకు అరచేయి ఆనించనీయదు. గుట్ట అదే, దారి అదే. మారినది వేళ మాత్రమే. ఈ చిన్న అనుభవమే మంచుకొండల ఆరోహణకు మొదటి పాఠమని మేము భావిస్తున్నాము. మార్గము బాగున్నదా లేదా అను ప్రశ్నకు ఋతువు సగము జవాబే ఇస్తుంది. తక్కిన సగము గడియారము ఇస్తుంది.

ఈ విషయము మనకు దూరమైనదని తలచరాదు. కాజీపేటలో హైదరాబాదు రైలెక్కి జనగామ, ఆలేరు దాటినవారికి భువనగిరి వద్ద ఏకశిలగా లేచి నిలచిన కోటగుట్ట కనిపిస్తుంది. ఆ రాతిపై తాడు పట్టుట నేర్చిన ఇద్దరు గురుకుల విద్యార్థులు, నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, 2014 మే 25న ఎవరెస్టు శిఖరమును చేరినారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. వారు టిబెట్టు వైపునుండి ఎక్కినారు. అదే ఋతువులో, ఏప్రిల్ 18న, నేపాలు వైపున ఖుంబూ మంచుప్రవాహముపై మంచుచరియ విరిగిపడి 16 మంది నేపాలీ పర్వత సహాయకులు మరణించినారు. పర్వతమొక్కటే, సంవత్సరమొక్కటే, అయినను రెండు మార్గముల స్థితి వేరు. కావున కొండ పేరును, నెల పేరును చెప్పినంత మాత్రమున మార్గము తెలిసినట్లు కాదు.

1. వేసవి అనగా ఏ వేసవి?

యూరపులోని ఆల్ప్స్ పర్వతములలో జూన్ మొదలు సెప్టెంబరు వరకు ఆరోహణ కాలము. హిమాలయములలో అట్లు కాదు. నేపాలు, సిక్కిం ప్రాంతములలో జూన్ నుండి ఋతుపవనముల వలన శిఖరములపై దట్టముగా మంచు కురుస్తుంది; అందుచేతనే ఎవరెస్టు ఆరోహకులు మే నెల కొరకు కాచుకొని ఉంటారు. లడఖ్ మాత్రము వర్షచ్ఛాయా ప్రాంతము. అక్కడ జూలై, ఆగస్టు నెలలే అనుకూలము. దక్షిణార్ధ గోళమునందలి ఆండీస్ పర్వతములలో డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి వేసవి నెలలు. విద్యార్థి మొదట పటమును, వర్షపాతమును చూచి, పిదప పంచాంగము చూడవలెను.

2. సున్న డిగ్రీల గీత

ఎత్తు పెరిగినకొద్దీ గాలి చల్లబడుతుంది. సగటున వేయి మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గునని భౌతిక భూగోళములో చదువుకొన్నాము. లోయలో 2,000 మీటర్ల వద్ద 20 డిగ్రీలు ఉన్నదనుకొందము. 5,000 మీటర్లకు మూడు వేల మీటర్ల తేడా, 19.5 డిగ్రీలు తగ్గి అర డిగ్రీ మిగులుతుంది. అనగా అంత ఎత్తునకూడ గాలి గడ్డకట్టునంత చల్లగా లేదన్నమాట. ఇది కేవలము లెక్కలోని ఊహ కాదు. 2022 జూలై 25న స్విట్జర్లాండు వాతావరణ శాఖ పంపిన బెలూను సున్న డిగ్రీల గీతను 5,184 మీటర్ల వద్ద గుర్తించినది. ఆల్ప్స్‌లో అత్యున్నతమైన మోఁబ్లాఁ శిఖరము ఎత్తు సుమారు 4,800 మీటర్లు మాత్రమే. ఆ నెల 3వ తేదీననే ఇటలీలోని మార్మొలాడా పర్వతముపై హిమానీనదపు ఖండమొకటి మధ్యాహ్నవేళ తెగిపడి 11 మందిని బలిగొన్నది. 2023 ఆగస్టులో ఆ గీత 5,298 మీటర్లకు పెరిగినది. పూర్వము మార్గదర్శక గ్రంథములలో "వేసవి మార్గము" అని వ్రాసినది నేటి వేసవికి సరిపోవునని నమ్మరాదు.

3. రాత్రి గడ్డకట్టినదా?

వేసవి ఆరోహకుడు అడుగవలసిన ముఖ్యప్రశ్న ఇదే. పగలు కరిగిన మంచు రాత్రి గడ్డకట్టినచో తెల్లవారుజామున రాతివలె గట్టిగా ఉంటుంది. హిమానీనదపు బీటలను కప్పియున్న మంచు వంతెనలు అప్పుడే బరువును మోస్తాయి. కొండరాళ్లను పట్టియుంచునదియు గడ్డకట్టిన మంచే. అది సడలినచో రాళ్లు దొర్లుతాయి.

ఇక్కడ ఆకాశమును చూడవలెను. నిర్మలాకాశమున మంచు తన వేడిని పైకి వెదజల్లి, గాలి సున్నకు కొంచెము పైన ఉన్నను పైపొర గడ్డకట్టగలదు. మబ్బు కమ్మిన రాత్రి ఆ వేడి నిలచిపోతుంది. మంచు మెత్తగానే ఉండిపోతుంది. కావున నక్షత్రములు లేని వెచ్చని రాత్రి ఆరోహకునికి చెడ్డ వార్త.

పరీక్షించు విధానము సులభము. గుడారము విడిచిన మొదటి గంటలో బూటు అంచు మాత్రమే మంచులో దిగినచో మార్గము బాగున్నది. చీలమండ వరకు దిగినచో కాలము తక్కువగా ఉన్నది. సూర్యోదయమునకు ముందే మోకాలు దిగినచో ఆ దినము ఆరోహణము లేదు.

సూర్యుని నడకను కూడ లెక్కించవలెను. తూర్పు వాలు మొదట కరుగుతుంది, తరువాత దక్షిణము, సాయంత్రమునకు పడమర. చీలికల వెంట రాళ్లు జారుతాయి గనుక, వీలైనచోట వెన్నుగట్టుపై నడచుట మేలు. అర్ధరాత్రి దాటిన తరువాత ఒంటిగంటకో, రెండు గంటలకో బయలుదేరుట ఇందుకే.

4. సామగ్రి ఎన్నిక

మార్గస్థితి తెలిసిన పిదపనే సంచి సర్దవలెను. వేసవి తొలినాళ్లలో మంచు మందముగా ఉండి బీటలు కప్పబడి ఉంటాయి. అప్పుడు జట్టంతయు ఒకే తాడునకు కట్టుకొని, ఎడము పాటించి నడచుట ముఖ్యము. వేసవి చివర ఆ మంచు పోయి క్రింది గట్టి మంచుగడ్డ బయటపడుతుంది. ఐస్ యాక్స్‌తో జారుటను ఆపుకొను విద్య మంచుపై పనిచేసినట్లు గట్టి గడ్డపై పనిచేయదు. అక్కడ క్రాంపాన్ల మొనలు పదునుగా ఉండవలెను. తాడును బంధించుటకు ఐస్ స్క్రూలు ఉండవలెను. తడిమంచు క్రాంపాన్ల క్రింద ముద్దకట్టి కాలు జారునట్లు చేస్తుంది గనుక, ఆ ముద్దను ఆపు పలక అమర్చుకొనవలెను.

రాళ్లు రాలు వేసవిలో హెల్మెటు లేనిదే అడుగు వేయరాదు. నీరు పీల్చని తాడు, హార్నెస్, తలదీపము, దానికి అదనపు బ్యాటరీలు తప్పనిసరి. మంచుపై ఎండ క్రిందనుండి కూడ కొట్టుట చేత నల్లని కంటద్దములు లేనివాడు కొద్ది గంటలలోనే చూపు బాధకు లోనవుతాడు. మన ఊరి ఎండకు హితవైన నూలుబట్ట అక్కడ శత్రువు. చెమటతో తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడిని లాగివేస్తుంది.

అయితే సామగ్రి సంచిలో ఉండుట వేరు, వినియోగములో ఉండుట వేరు. 1865 జూలై 14న ఎడ్వర్డు వింపర్ జట్టు 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరమును మొదటిసారి జయించినది. ఎక్కినవారు ఏడుగురు, దిగునపుడు నలుగురు జారిపడినారు. వారికిని వెనుకవారికిని నడుమ తాడు తెగినది. అది వారి తాళ్లలో బలహీనమైనది. బలమైన తాడు వారి వద్దనే, వాడకుండ ఉన్నది.

5. శరీరమును ఒక మార్గమే

5,500 మీటర్ల వద్ద గాలి పీడనము సముద్రమట్టమున ఉన్నదానిలో సగము. ఎంత బలవంతుడైనను ఈ మార్పునకు దినములు పడుతుంది. 3,000 మీటర్లు దాటిన తరువాత పడుకొను చోటును రోజుకు 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యుల హితవు. తలనొప్పితో కూడిన వాంతి, నడకలో తూలుట కనిపించినచో దిగుటయే మందు.

6. మరలివచ్చు వేళ

చివరగా, సామగ్రి పట్టికలో లేని వస్తువొకటి ఉన్నది. అది ముందుగా నిర్ణయించుకొన్న మరలుగడియ. శిఖరము నూరడుగులలో ఉన్నను ఆ గడియకు వెనుదిరుగవలెను. ఈ నిర్ణయము క్రింద, నిదానముగా ఆలోచించగల చోట చేయవలెను. పైన, అలసటలోను ఆశలోను చేసిన నిర్ణయము నమ్మదగినది కాదు.

నెల్లూరు జిల్లా బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2006లో ఏడు ఖండముల ఉన్నత శిఖరములను 172 దినములలో అధిరోహించిన ధీరుడు. 2015 మార్చిలో, ఆండీస్‌లో వేసవి ముగియు వేళ, 6,748 మీటర్ల సెరో ట్రెస్ క్రూసెస్ పర్వతమునకు ఒంటరిగా వెళ్లి తిరిగి రాలేదు. ఏప్రిల్ మొదటి వారములో ఆయన భౌతికకాయము లభించినది. ఆయనను తప్పుపట్టుటకు మేము ఈ మాట వ్రాయుటలేదు; అంతటి అర్హత మాకు లేదు. అనుభవమెంతటిదైనను పర్వతము ఎవరికిని మినహాయింపు ఇయ్యదని మాత్రము చెప్పదలచినాము. మరొకవంక పూర్ణ, ఒక్కొక్క పర్వతమునకు దాని కాలమును కాచుకొని, 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలీతో తన ఏడు శిఖరముల యాత్రను పూర్తిచేసి ఇంటికి వచ్చినది.

1954లో డార్జిలింగులోను, 1965లో ఉత్తరకాశిలోను స్థాపించిన పర్వతారోహణ సంస్థలు నాలుగు వారముల ప్రాథమిక శిక్షణ ఇస్తున్నవి. మన కళాశాల పాలకవర్గము ఏటా ఒకరిద్దరు విద్యార్థులను, విద్యార్థినులను అక్కడికి పంపు విషయమును ఆలోచించవలెనని మా మనవి. అంతవరకు మన గుట్టలున్నవి. ఒక చిన్న పుస్తకములో ప్రతి ఉదయము ఉష్ణోగ్రతను, గాలి దిక్కును, మబ్బును వ్రాసికొని, నేడు ఏ వేళకు ఎక్కవలెను, ఏ వేళకు దిగవలెనని ముందుగా నిర్ణయించి, సాయంత్రము సరిచూచుకొనుడు. ఏకశిల గుట్టపై చెప్పిన వేళకు దిగుట అలవడినవానికే హిమాలయములో ఆ నిగ్రహము అక్కరకు వస్తుంది.