కొండనాలుక వెనక ఒక తలుపు

నాలుకను నోటి పైభాగానికి ఆనించండి. మెల్లగా వెనక్కి జరపండి. ముందు గట్టిగా తగులుతుంది. వెనక్కి పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది. ఈ పైకప్పును అంగిలి అంటారు. మెత్తటి అంగిలి చివర వేలాడేదే కొండనాలుక.

అద్దం ముందు నోరు తెరిచి "ఆ" అనండి. కొండనాలుకతోపాటు మెత్తటి అంగిలి కూడా పైకి లేస్తుంది. అది ఒక తలుపు లాంటిది. పైకి లేస్తే ముక్కు దారి మూసుకుంటుంది. కిందికి దిగితే తెరుచుకుంటుంది. మింగేటప్పుడు ఆ తలుపు పడకపోతే నీళ్లు ముక్కులోంచి వస్తాయి.

మాటకూ ఈ తలుపే ఆధారం. మనం ప, బ, మ నేర్చుకున్నాం గదా! మూడింటికీ పెదవులు కలుస్తాయి. మరి తేడా ఎక్కడ? ప, బ అన్నప్పుడు తలుపు మూసి ఉంటుంది. మ అన్నప్పుడు తెరిచి ఉంటుంది. గాలి ముక్కులోంచి పోతుంది. న, ణ కూడా అంతే.

ఈ తలుపును కదిలించే కండరాలకు మెదడు నుంచి నరాలు వస్తాయి. మెదడుకు గాని, నరాలకు గాని జబ్బు చేస్తే తలుపు సరిగా పడదు. అప్పుడు మాట ముక్కుతో వస్తుంది. "బావా" అని పిలిస్తే "మావా" అని వినిపిస్తుంది.

మా ఊళ్లో ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చింది. చెయ్యి కొంచెం బాగుపడింది. మాట మాత్రం ముద్దగా, ముక్కుతో వచ్చేది. పిల్లలు నవ్వేవాళ్లు. తెలియనివాళ్లు తాగాడనుకునేవాళ్లు. ఆయనకు అన్నీ తెలుసు. పొలం లెక్కలన్నీ నోటికి చెప్పగలడు. పలికే కండరాలే మాట వినవు. నవ్వుతారని ఆయన అరుగు మీదికి రావడమే మానేశాడు. జబ్బు కంటే ఆ నవ్వే ఆయన్ని ఎక్కువ బాధించిందని నాకనిపిస్తుంది.

పక్షవాతం ఒక్కటే కాదు. మయస్తీనియా అనే జబ్బు ఉంది. అందులో పొద్దున మాట బాగానే ఉంటుంది. మాట్లాడుతూ పోతే గొంతు ముక్కులోకి దిగుతుంది. కనురెప్పలు వాలిపోతాయి. కాసేపు ఊరుకుంటే మళ్లీ సర్దుకుంటుంది. దీన్ని నటన అనుకోకండి. దీనికి మందులున్నాయి. పిల్లలకు కంఠసర్పి వస్తే దాని విషం వల్ల కూడా అంగిలి పడిపోవచ్చు. దానికి టీకా ఉంది.

మాట ఉన్నట్టుండి ముద్దగా మారిందా? మూతి వంకర పోయిందా? ఒక చెయ్యి లేవడం లేదా? వెంటనే 108కి ఫోన్ చేయండి. రక్తం గడ్డను కరిగించే సూదిమందు మామూలుగా నాలుగున్నర గంటల లోపే వేయాలి. అదీ స్కానింగు తీశాకే. పసరు కోసం తిరిగితే ఆ గడువు దాటిపోతుంది. నోట్లో నీళ్లు కూడా పోయకండి.

కొందరు కొండనాలుక జారిందని మిరియాల పొడి, ఉప్పు అద్దుతారు. నరాల జబ్బుకు అది పనిచేయదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు ఊరికే అన్నారా?

అన్నం పెట్టేటప్పుడు రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. చిన్న చిన్న ముద్దలు పెట్టాలి. పడుకోబెట్టి తాగించకూడదు. పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. మాటిమాటికీ పొలమారుతుంటే డాక్టరుకు చూపించాలి.

మాట సరిచేసే నిపుణులు ఉంటారు. వారిని స్పీచ్ థెరపిస్టులు అంటారు. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఇలాంటివారికి చదువు చెబుతుంది. నెమ్మదిగా, చిన్న మాటలతో, ఊపిరి నిలుపుకొని పలకడం వాళ్లు నేర్పుతారు. కొందరికి పళ్ల సెట్టు లాంటిది చేయించి పెడతారు. అది అంగిలిని వెనక నుంచి పైకి ఎత్తి పడుతుంది.

మా పెద్దాయన భార్య అక్షరాల చార్టు తెచ్చి గోడకు కట్టింది. ఆయన వేలు పెట్టి చూపిస్తాడు. ఆమె కూడబలుక్కుని చదువుతుంది. మొదటి రోజు ఆయన చూపించిన మాట "మజ్జిగ".

చేసి చూడండి: ముక్కు గట్టిగా పట్టుకుని ఇవి చదవండి.
తాత, కాకి, పలక, గోడ.
అమ్మ, నాన్న, మేనమామ, మన్ను.
ఏ వరుసలో గొంతు మారింది?