వానకు బండి ఆగితే టికెట్టు పారేయకండి

మా చెల్లెలు బోధన్‌లో ఉంటుంది. బావ దుబాయిలో. కొడుక్కి పదిహేనేళ్లు, పదో తరగతి. వానాకాలంలో ఆదివారం వచ్చిందంటే ఆ పిల్లవాణ్ని ఇంట్లో పట్టడం కష్టం. గ్రౌండంతా బురద, ఆట ఉండదు, పొద్దస్తమానం చేతిలో ఫోను. అందుకని వాళ్లమ్మ ఒక అలవాటు చేసింది. నెలకోసారి, వాన పడుతున్నా సరే, ఇద్దరూ పొద్దున్నే బస్సులో నిజామాబాద్ వచ్చి రైలెక్కుతారు. దగ్గరైతే బాసర, దూరమైతే హైదరాబాద్. సాలార్‌జంగ్ మ్యూజియంలోకి వెళ్తే బయట ఎంత కురిసినా ఫికరు లేదు. (శుక్రవారం మాత్రం దానికి సెలవు.) పిల్లవాడికి రైలు టైములన్నీ నోటికొచ్చేశాయి.

రెండేళ్ల కిందట జులైలో ఇలాగే హైదరాబాద్ బయల్దేరారు. సగం దూరం పోయాక బండి ఆగింది. ముందు పట్టాల మీద నీళ్లు. రెండు గంటలు చూసి, బండి ఇక ముందుకు పోదని ప్రకటించారు. జనమంతా దిగి, గొడుగులు తెరుచుకుని రోడ్డు మీదికి నడిచారు. మా చెల్లెలూ అంతే. షేర్ ఆటో, తర్వాత బస్సు, ఇంకో బస్సు. ఇల్లు చేరేసరికి రాత్రయింది.

నాలుగు రోజులకు నేను బోధన్ వెళ్తే మాటల్లో ఈ సంగతి చెప్పింది. "టికెట్టేదమ్మా?" అన్నాను.

"ఇంకేం టికెట్టు అన్నా, బండే పోలేదు గదా. తడిసి ముద్దయింది, ఎక్కడ పారేసిన్నో ఏమో."

పిల్లవాడు లేచి, గోడకు తగిలించిన బ్యాగు అడుగున చెయ్యి పెట్టి ఒక కాగితం ముద్ద తీశాడు. మడత విప్పితే మధ్యలోకి చిరిగింది. "మామా, పీఎన్ఆర్ నంబరు కనబడుతున్నది చూడు" అన్నాడు. నిజమే, పది అంకెలూ కనబడుతున్నాయి. చిరిగినా, తడిసినా వివరాలు చదవగలిగేలా ఉండి, అసలుదేనని తేలితే రైల్వే డబ్బు వాపసు ఇస్తుంది. కానీ అప్పటికి ఒక్క రోజు ఆలస్యమైంది. గడువు మూడు రోజులు.

కోర్టులో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. ప్రయాణికులకు చట్టం ఇచ్చిన హక్కులు చాలావరకు ఇలాగే పోతాయి. ఎవరూ లాక్కోరు, గడువు దాటిపోతుంది, అంతే. పిల్లల్ని వెంటబెట్టుకుని వాన రోజుల్లో రైలెక్కేవాళ్లకు ఆ గడువులు తెలియాలనే ఈ వ్యాసం.

మన నిజామాబాద్-హైదరాబాద్ లైను సంగతి మనకు తెలియనిది కాదు. 2025 ఆగస్టు 27, వినాయక చవితి రోజు కామారెడ్డి మీద కుండపోత కురిసింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య పట్టాల మీదుగా వరద పారింది. కొన్ని బండ్లు రద్దు చేశారు, కొన్నింటిని పెద్దపల్లి మీదుగా మళ్లించారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ వైపు ఇంటికన్నె, కేసముద్రం దగ్గర కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. 2005 అక్టోబరు 29న వలిగొండ దగ్గర వరదకు కట్ట తెగి డెల్టా ప్యాసింజర్ పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అది తెలిసినవాళ్లెవరూ వానలో బండి ఆపితే రైల్వేను తిట్టరు. ఆపాల్సిందే. ఆపిన తర్వాత మన డబ్బు సంగతేమిటన్నది వేరే ప్రశ్న.

దానికి జవాబు 2015 నవంబరు 12 నుంచి అమల్లోకి వచ్చిన టికెట్ రద్దు, చార్జీల వాపసు నిబంధనల్లో ఉంది. వరద వల్ల బండి మధ్యలో ఆగిపోయి, మిగతా దూరానికి రైల్వే ఏ ఏర్పాటూ చేయలేకపోతే, ప్రయాణించిన దూరానికి కూడా కోత లేకుండా మొత్తం చార్జీ వాపసు ఇవ్వాలి. బస్సులో, ఇంకో బండిలో పంపిస్తామని చెప్పినా మీరే వద్దనుకుంటే అప్పుడు వచ్చిన దూరానికి పట్టుకుని మిగిలింది ఇస్తారు. ఈ తేడా గుర్తుంచుకోండి. కౌంటర్‌లో కొన్న టికెట్టయితే దిగిన స్టేషన్‌లోనే అప్పజెప్పడం అన్నిటికంటే భద్రం. గుంపు ఉంటుంది, వాన ఉంటుంది, పిల్లవాడు ఆకలంటాడు. అయినా ఒక పావుగంట ఆ కిటికీ దగ్గర నిలబడండి. ఆన్‌లైన్ టికెట్టయితే టీడీఆర్ వేయాలి. టీడీఆర్ అంటే "నేను ఈ కారణంగా ప్రయాణం చేయలేదు, నా డబ్బు ఇవ్వండి" అని పెట్టుకునే దరఖాస్తు. మూడు రోజుల దాకా ఆగకుండా ఆ రాత్రే వేసేయండి.

ఇంట్లో ఉండగానే బండి రద్దయిందని తెలిస్తే పని తేలిక. ఆన్‌లైన్ టికెట్టు డబ్బు దానంతటదే ఖాతాలో పడుతుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కంగారులో తామే క్యాన్సిల్ బటన్ నొక్కేస్తారు. మనంతట మనం రద్దు చేసుకుంటే కోత పడుతుంది. బండిని రైల్వే రద్దు చేసినప్పుడు మీరు ఏమీ నొక్కకండి. కౌంటర్ టికెట్టుకు మాత్రం బండి బయల్దేరాల్సిన రోజు నుంచి మూడు రోజుల్లో వెళ్లి ఇచ్చేయాలి.

బండి రద్దు కాలేదు, మీరెక్కాల్సిన స్టేషన్‌కు మూడు గంటలకు మించి ఆలస్యంగా వస్తోందనుకోండి. ప్రయాణం మానుకుంటే పూర్తి డబ్బు మీదే. అయితే బండి నిజంగా కదలకముందే టికెట్టు అప్పజెప్పాలి, లేదా టీడీఆర్ వేయాలి. బండి వెళ్లిపోయాక వెళ్లి అడిగితే ఏమీ రాదు. దారి మళ్లించిన బండిలో వెళ్లడం ఇష్టం లేకపోయినా, మీరు దిగాల్సిన ఊరు ఆ కొత్త దారిలో లేకపోయినా ఇదే తీరు, పూర్తి వాపసు.

ఇక పిల్లల సంగతి. పన్నెండేళ్లు నిండితే రైల్వే లెక్కలో పెద్దవాళ్లే, పూర్తి చార్జీ. ఐదు నుంచి పన్నెండు లోపు పిల్లలకు సీటో బెర్తో కావాలంటే 2016 ఏప్రిల్ 21 నుంచి పూర్తి చార్జీ, వద్దంటే సగం. కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లవాడికి సగం టికెట్టు తీసే ఆలోచన చేయకండి. ఫొటో ఉన్న స్కూలు ఐడీ కార్డు గుర్తింపుగా చెల్లుతుంది. అది బ్యాగులో ఉండాలి. అనుకున్న రోజు మీకు వీలుకాక, పిల్లవాడి వెంట వాళ్ల నాన్నో అక్కో వెళ్లాల్సి వస్తే, బండికి 24 గంటల ముందు రాసిస్తే టికెట్టు మీద పేరు మార్చుతారు. అమ్మ, నాన్న, భార్య, భర్త, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వీళ్ల మధ్యే అది చెల్లుతుంది.

అమ్మలందరూ తమ పిల్లలకు చెప్పాల్సిన సెక్షన్ ఒకటుంది. రైల్వే చట్టం 1989లో 139వది. రైల్వే హెల్ప్‌లైన్ నంబరు కూడా 139. ఒకటి గుర్తుంటే రెండోదీ గుర్తుంటుంది. టికెట్టు లేదని, ఉన్నది చెల్లదని, అదనపు చార్జీ కట్టలేదని ప్రయాణికుణ్ని దించేయొచ్చు. కానీ మగతోడు లేని స్త్రీనైనా, పిల్లలనైనా ఎక్కడపడితే అక్కడ దించడానికి వీల్లేదు. వాళ్లెక్కిన స్టేషన్‌లోనో, జంక్షన్‌లోనో, బండి చివరి స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోని స్టేషన్‌లోనో మాత్రమే దించాలి. అదీ పగటిపూటే. రాత్రి తొమ్మిదింటికి, వానలో, చిన్న స్టేషన్‌లో ఒక ఆడపిల్లను దిగమనడం చట్టవిరుద్ధం. అలాగని టికెట్టు లేకుండా ఎక్కొచ్చని కాదు. చార్జీకి తోడు కనీసం రూ.250 అదనంగా కట్టాల్సి వస్తుంది.

పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఒంటరిగా నిజామాబాద్ నుంచి హైదరాబాద్ వెళ్తున్నారు, కోచింగులకు, పరీక్షలకు. వాళ్లు ఒంటరిగా రైలెక్కకూడదని చట్టం ఎక్కడా అనలేదు. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు ఆపి అడిగితే మాత్రం భయపడొద్దని చెప్పండి. ఇంట్లో చెప్పకుండా వచ్చేసిన పిల్లలను, ఎవరో మాయచేసి తీసుకుపోతున్న పిల్లలను కాపాడటం వాళ్ల పని. అలాంటి పిల్లలు దొరికితే 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు ఉంచాలని బాలల న్యాయ చట్టం చెబుతోంది. అమ్మానాన్నల ఫోను నంబరు, ఎక్కడికి ఎందుకు వెళ్తున్నదీ రాసిన ఒక చీటీ పిల్లల జేబులో పెడితే అక్కడే తేలిపోతుంది. బండిలో ఎవరైనా పిల్లల మీద చెయ్యి వేస్తే, మగపిల్లవాడైనా ఆడపిల్లయినా పోక్సో చట్టం వర్తిస్తుంది. 139కి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. సంఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగిందో తెలియకపోయినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందే.

బాసర దగ్గర గోదావరి బ్రిడ్జి వస్తుంది. ఆగస్టులో నది నిండుగా ఎర్రగా పారుతుంటే పిల్లలు సీట్లో కూర్చోరు, తలుపు దగ్గరికి ఉరుకుతారు. మా మేనల్లుడూ ఉరికాడు. నేను వెనకనుంచి చొక్కా కాలరు పట్టుకున్నాను. మెట్ల మీద తడి, కడ్డీ మీద తడి, కింద బ్రిడ్జి. వద్దని రైల్వే సిబ్బంది హెచ్చరించినా ఫుట్‌బోర్డు మీద ప్రయాణం చేస్తే రైల్వే చట్టం సెక్షన్ 156 కింద మూడు నెలల దాకా జైలు, లేదా రూ.500 దాకా జరిమానా, లేదా రెండూ. అయితే నేను కాలరు పట్టుకున్నది ఆ సెక్షన్‌కు భయపడి కాదు.

ఇలా తలుపు దగ్గర నిలబడి పడిపోయిన బిడ్డల తల్లిదండ్రులు కొందరు నా దగ్గరికి వచ్చారు. "మావోడిదే తప్పు సార్, తలుపు కాడ నిలబడ్డడు, ఇంక మాకేమొస్తది" అంటారు. వస్తుంది. బండిలోంచి ప్రమాదవశాత్తూ పడిపోతే రైల్వే చట్టం 124ఎ ప్రకారం ఎవరి తప్పన్నది చూడకుండా పరిహారం ఇవ్వాలి. మరణానికి రూ.8 లక్షలు, గాయాలకు వాటి తీవ్రతను బట్టి. తలుపు దగ్గర అజాగ్రత్తగా నిలబడటం నేరపూరిత చర్య కాదని 2010లో జమీలా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు జారిపడినా పరిహారం ఉందని, శవం దగ్గర టికెట్టు దొరకనంత మాత్రాన దావా కొట్టేయకూడదని 2018లో రీనాదేవి కేసులో చెప్పింది. టికెట్టు కొన్నాడని కుటుంబం ప్రమాణ పత్రం ఇస్తే, కాదని నిరూపించే భారం రైల్వేది. ఆత్మహత్య, కావాలని చేసుకున్న గాయం, మత్తులో చేసిన పని లాంటివాటికి మాత్రం ఇది వర్తించదు. పెళ్లికాని పిల్లల విషయంలో తల్లిదండ్రులే దరఖాస్తుదారులు. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ బెంచి సికింద్రాబాద్‌లో ఉంది. గడువు ఏడాది. దుఃఖంలో ఉన్న ఇంట్లో ఏడాది ఎంత తొందరగా గడుస్తుందో నాకు తెలుసు. బంధువులు ఎవరో ఒకరు ఆ తేదీని పట్టించుకోవాలి.

బండి ఆలస్యమైతే పరిహారం రాదా అని కూడా అడుగుతారు. 2016 జూన్‌లో ఒక కుటుంబం అజ్మీర్-జమ్మూ ఎక్స్‌ప్రెస్ నాలుగు గంటలు ఆలస్యం కావడంతో శ్రీనగర్ విమానం అందుకోలేకపోయింది. టాక్సీకి రూ.15 వేలు పెట్టుకుని వెళ్లారు. వినియోగదారుల ఫోరం ఆ డబ్బుతో పాటు నష్టపోయిన బుకింగ్‌కు పదివేలు, మనోవేదనకు, కేసు ఖర్చులకు చెరో ఐదువేలు ఇమ్మంది. రైల్వే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2021 సెప్టెంబరు 6న ఓడిపోయింది. ఆలస్యానికి కారణం తమ చేతిలో లేనిదని రైల్వేయే రుజువు చేయాలని కోర్టు తేల్చింది. కాబట్టి కామారెడ్డిలో వరద వచ్చి బండి ఆగితే ఈ తీర్పు మీకు పనికిరాదు. ఎండ కాస్తున్న రోజున, కారణం చెప్పకుండా నాలుగు గంటలు నిలబెట్టి, దానివల్ల మీ బిడ్డ పరీక్ష తప్పిపోతే అప్పుడు పనికొస్తుంది. నివాసం ఉన్న చోటే కేసు వేసుకోవచ్చు గనుక నిజామాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. రూ.5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. టికెట్టు డబ్బు వాపసు తగాదా ఒక్కటి మాత్రం ట్రిబ్యునల్‌దే.

వకీలును పెట్టుకోలేమని ఆగిపోకండి. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. నిజామాబాద్ కోర్టు ప్రాంగణంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

మా చెల్లెలు ఇప్పుడు టికెట్టు కొనగానే కొడుకు చేత ఫొటో తీయిస్తుంది, అసలుదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెడుతుంది. మీరూ ఈ ఆదివారం బయల్దేరేముందు మీ పిల్లల ఫోన్లో 139, 1098, 15100 నంబర్లు సేవ్ చేయించండి. బండి ఆగితే ముందు కౌంటర్‌కు వెళ్లండి, ఆటో సంగతి తర్వాత.